వీధి తలుపుకు కర్ర ఎంపిక: పడమటి గుమ్మం మీద ఒక కేస్ స్టడీ

వీధి తలుపు సొంతంగా చేసుకోవాలనుకునేవారు మొదట అడిగేది కర్ర పేరే. టేకు పెట్టాలా, మహాగని పెట్టాలా, ఓక్ అయితే ఎలా ఉంటుంది అని. నేను ముందు అడిగేది వేరు. గుమ్మం ఎటు చూస్తుంది? పైన చూరు ఎంత ముందుకు వచ్చింది? లోపల ఏసీ నడుస్తుందా? వీటికి జవాబు తెలియకుండా కర్ర పేరు చెప్పేవాడిని నేను నమ్మను. ఆ జవాబులు తెలిశాక కూడా తలుపును నిలబెట్టేది చెట్టు పేరు ఒక్కటే కాదు. ఆ చెట్టులో ఏ భాగం నుంచి, ఏ వైపుగా కోసిన పలక చేతికి వచ్చిందన్నదే ఎక్కువ తేలుస్తుంది. ఈ కేసులో అది స్పష్టంగా బయటపడింది కాబట్టే రాస్తున్నాను.

తలుపు చేసుకున్నది ఒక లెక్కల టీచరు. సెలవుల్లో వడ్రంగం చేస్తారు. బల్లలు, పుస్తకాల అరలు చక్కగా కుదిర్చిన చేయి ఆవిడది. కలప ఎంపిక, కొలతలు, అతుకుల తీరు నా వంతు. కోత, చిత్రిక, అతికింపు అన్నీ ఆవిడవే.

గుమ్మం 2100 మి.మీ. ఎత్తు, 1000 మి.మీ. వెడల్పు. ముఖం పడమరకు. చూరు 300 మి.మీ. మాత్రమే ముందుకు ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటిన ఎండ, ఏటవాలు వాన రెండూ నేరుగా తలుపు మీదే పడతాయి. లోపలి హాల్లో ఏసీ ఉంది. అప్పటికి ఉన్నది ప్లైవుడ్ రేకులు అతికించిన ఫ్లష్ తలుపు. దాని అడుగు అంచు ఉబ్బి, పొరలు విడిపోయింది. దాన్ని దించి తిరగేసి చూస్తే కింది అంచుకు ఒక్క పూత కూడా లేదు. ఎవరూ వేయలేదు, ఎవరికీ కనిపించదు కాబట్టి. పాత తలుపు చెడిన చోటును అలా చూడటం కొత్తదాన్ని గురించి చాలా చెబుతుంది. ఇక్కడ కర్రను చంపింది ఎండ కాదు, అడుగునుంచి పీల్చుకున్న నీరు.

ఆవిడ మూడు నిర్ణయాలతో వచ్చారు. టేకు, పలకలను పక్కపక్కన అతికించి చట్రం లేకుండా చేసిన ఏకఖండపు తలుపు, పైన పారదర్శకమైన వార్నిష్. మూడూ మారాయి.

ముందుగా ఏకఖండపు తలుపు సంగతి. కర్ర పొడవు తేమకు దాదాపు మారదు, వెడల్పు మారుతుంది. ఆ మార్పు కూడా రెండు రకాలు. వార్షిక వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా, అంటే గుండె నుంచి బెరడు వైపు తక్కువ. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి టేకు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, అడ్డంగా 2.5 శాతం కుంచించుకుంటుంది. ఈ కుంచింపంతా దాదాపు 30 శాతం తేమ నుంచి సున్నాకు దిగే దారిలో జరుగుతుంది. కాబట్టి తేమ ఒక్క శాతం మారితే వెడల్పు ఎంత మారుతుందో 30తో భాగిస్తే వస్తుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే కర్ర సుమారు 9 శాతం దగ్గర కుదురుకుంటుంది. గాలి తేమ 80కి చేరితే 16 వరకు పోతుంది. తలుపు ఒక ముఖం లోపల, ఒకటి బయట ఉంటుంది కనుక మొత్తం మీద ఏడాదిలో 5 శాతం ఊగుతుందనుకుందాం.

లెక్క ఆవిడే వేశారు. మీటరు వెడల్పున అతికించిన మామూలు కోత టేకు పలకలు ఆ 5 శాతానికి 9 మి.మీ. పైనే పెరుగుతాయి. పక్కన వదిలే సందు 3 మి.మీ. "అయితే వానాకాలమంతా తలుపు తియ్యడానికి ఇద్దరు మనుషులు కావాలన్నమాట" అన్నారు. చట్రం కట్టి, దాని గాడిలో పలకలు వదులుగా కూర్చోబెడితే వెడల్పును మార్చేవి రెండు నిలువు కర్రలే. ఒక్కొక్కటి 120 మి.మీ. అనుకుంటే మార్పు రెండుంపావు మి.మీ.కు దిగుతుంది. మధ్య పలకలు తమ గాడిలో తాము పెరుగుతాయి, తరుగుతాయి. అడ్డపట్టీలు పొడవు దిశలో ఉంటాయి కనుక లెక్కలోకి రావు. చట్రపు తలుపు వచ్చింది అందం కోసం కాదు, ఈ లెక్క కోసం.

ఇక కర్ర. వెంటనే పక్కన పెట్టినవాటితో మొదలుపెడతాను. రబ్బరు చెక్క, బీచ్: లోపలి సామానుకు హాయిగా పనికొస్తాయి, వానకు పనికిరావు. రబ్బరు చెక్కలో పిండి పదార్థం ఎక్కువ, బూజు, పురుగు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. బోరాన్ మందు పట్టిస్తారు కానీ అది తడికి కరిగి బయటికి వచ్చేస్తుంది. బీచ్ మన్నిక విషయంలో అట్టడుగు తరగతి, పైగా వలయాల వెంబడి 12 శాతం దాకా కుంచించుకునే రకం. మామూలు పైన్‌లో పైపొర తెల్ల చెక్క ఎక్కువ. ఎండ పడే ముఖం మీద ముడుల నుంచి జిగురు కారి పూతను పొడుచుకుని వస్తుంది. మద్ది బరువైన గట్టి కర్రే, కానీ ఆరేటప్పుడు బీటలు తీసే గుణం దానిది. ఇంట్లో రంపంతో పనిచేసే మనిషికి శిక్ష అవుతుంది.

ఎర్ర సీడర్‌ను తోసిపుచ్చడానికి మనసొప్పలేదు. ఘనమీటరుకు 370 కిలోల దగ్గర ఉంటుంది, కదలిక తక్కువ, కుళ్లు త్వరగా పట్టదు. కానీ గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. రోజూ తాళంచెవులు తగిలే, సంచులు రాసుకునే తలుపుకు అది సరిపోదు. బందుల స్క్రూలను కూడా గట్టిగా పట్టుకోదు. తెల్ల ఓక్ మన్నిక బాగుంటుంది. దాని రంధ్రాలు లోపల పొరలతో మూసుకుపోయి ఉంటాయి, అందుకే పీపాలకు వాడతారు. ఎర్ర ఓక్ రంధ్రాలు తెరిచే ఉంటాయి. చిన్న ముక్క ఒక కొన నీళ్లలో ముంచి రెండో కొన నుంచి ఊదితే బుడగలు వస్తాయి. కొనేటప్పుడు రెంటినీ ఒకటనుకుంటే తలుపు కుళ్లుతుంది. అయితే తెల్ల ఓక్ కూడా వలయాల వెంబడి 10 శాతం పైనే కుంచించుకుంటుంది. ఎసిటైలేషన్ చేసిన, అంటే తేమ పీల్చకుండా ఎసిటిక్ రసాయనం పట్టించిన పైన్ కూడా చర్చకు వచ్చింది. తేమకు చాలా తక్కువ కదిలే, మన్నికలో మొదటి తరగతి సరుకు అది. దానిలో మిగిలే ఆమ్లం ఇనుమును తినేస్తుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తప్పనిసరి. ముఖం మాత్రం వెలవెలబోయినట్టు ఉంటుంది. రంగు వేసే తలుపైతే దానికే ఓటు వేసేవాడిని. ఆవిడకు కర్ర కనిపించాలి.

మిగిలింది టేకు, మహాగని.

కాగితం మీద టేకుదే పైచేయి. మొత్తం కుంచింపు తక్కువ, చేవలో సహజమైన చమురు, చెదలకు ఎదురు నిలిచే గుణం. కానీ కలప అడితిలో మా ముందు పరిచిన టేకు కాగితం మీది టేకు కాదు. తోటలో పెరిగిన చిన్న వయసు చెట్ల సరుకు. 150 మి.మీ. వెడల్పు పలకకు రెండు అంచులా లేత పసుపు తెల్ల చెక్క. నడుమ ముదురు చేవ 80, 90 మి.మీ. మించదు. చాలా పలకల్లో సరిగ్గా మధ్యలో చెట్టు గుండె జాడ, మెత్తని సన్నటి గోధుమ చారలా కనిపిస్తోంది. తెల్ల చెక్కకు టేకు మన్నిక ఉండదు. ఏ చెట్టులోనైనా అంతే, తెల్ల చెక్క మన్నికలో చివరి తరగతే. పురుగు టేకును తినదంటారు. అది తినేది ఈ తెల్ల అంచునే, తిన్నాక నష్టపోయేది టేకు తలుపే. చిన్న వయసు చెట్టు చేవలో కూడా, ముదురు చెట్టు చేవలో పేరుకునేంత రక్షక పదార్థం ఉండదు.

గుండె చారను చూసి నేను ఎందుకంత మొండిగా వద్దన్నానో కొంచెం వివరంగా చెప్పాలి. తలుపులు ఎక్కువగా చెడేది వెడల్పు పెరగడం వల్ల కాదు, విల్లులా వంగడం వల్ల. కర్ర పొడవు మారదని పైన అన్నాను. మామూలు కర్రలో మార్పు 0.1, 0.2 శాతం మించదు కాబట్టి ఆ మాట చాలావరకు నిజం. గుండెను ఆనుకుని చెట్టు తొలి ఏళ్లలో వేసిన కర్ర మాత్రం పొడవునా కూడా కుంచించుకుంటుంది, మామూలుకంటే ఎన్నో రెట్లు. ఒక పలకలో ఒక వైపు అలాంటి కర్ర, ఇంకోవైపు ముదురు కర్ర ఉంటే ఎండగానే వంగుతుంది. ఎంత తేడా చాలు? టీచరుగారు కాగితం తీశారు. 2100 మి.మీ. పొడవు, 45 మి.మీ. మందం ఉన్న నిలువు కర్రలో లోపలి ముఖానికీ బయటి ముఖానికీ పొడవులో 0.4 మి.మీ. తేడా వస్తే, మధ్యలో వంపు సుమారు 2.3 మి.మీ. తలవెంట్రుకలు నాలుగైదు పక్కపక్కన పెట్టినంత తేడాకు తాళం నాలుక గడియ రంధ్రంలో సరిగా పడదు. ఆ లెక్క చూశాక టేకు గురించి ఆవిడ మళ్లీ అడగలేదు.

నార వంకర కూడా ఇదే పని చేస్తుంది. పలక అంచుకు సమాంతరంగా సాగని నారలో, వెడల్పులో జరగాల్సిన కుంచింపు కొంత పొడవులోకి వచ్చి చేరుతుంది. కళ్లకు కనిపించే గీతలు ఒక్కోసారి మోసం చేస్తాయి. అందుకని సన్నటి సూదిమొన పనిముట్టును పలక మీద తేలిగ్గా లాగాను. అది నార వెంటే పోతుంది. మీటరు దూరంలో 50 మి.మీ. కంటే పక్కకు జరిగితే ఆ పలక నిలువు కర్రకు వద్దన్నది నా నియమం. అలాంటివి పొట్టి అడ్డపట్టీలకు వాడుకోవచ్చు.

మహాగని దొంతరలో ఇంకో చిక్కు. ఆ పేరుతో అమ్మేవన్నీ మహాగని కావు. ఆఫ్రికా నుంచి వచ్చే ఖయా, సపెలె కూడా ఆ పేరుతోనే నడుస్తాయి. ఫిలిప్పీన్ మహాగని అన్నది అసలు షోరియా జాతి, వేరే కుటుంబం. పలక కొనను పదునైన ఉలితో ఒక్క పొర తీసి, తడి చేసి, పదిరెట్ల భూతద్దం పెట్టి చూశాం. వలయం ముగిసే ప్రతిచోటా వెలిసిన రంగులో సన్నని గీత కనిపించింది. అసలు మహాగనికి అది గుర్తు. ఖయాలో సాధారణంగా ఆ గీత ఉండదు. ఖయా పనికిరాదని కాదు, ఏది కొంటున్నామో తెలిసి కొనాలి. మహాగనిలోనూ తోటలో పెరిగినది అడవిలో పెరిగినంత మన్నదు. అమెరికా ఖండపు అడవి మహాగని వ్యాపారం 2003 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే) ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది, పత్రాలు లేని సరుకు ముట్టుకోకూడదు. మేము చూసినది తోట సరుకే, కానీ లావు మానుల నుంచి కోసినది. గుండె నుంచి దూరంగా, అంచు నుంచి అంచుకు చేవే.

అంతకంటే ముఖ్యం, ఆ దొంతరలో మూడో వంతు పలకల కొనల్లో వలయాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. అంటే పలక వెడల్పు వలయాలకు అడ్డంగా వచ్చిందన్నమాట. అలాంటి పలక వెడల్పులో తక్కువ కదులుతుంది, గిన్నెలా వంగదు. మహాగని వలయాల వెంబడి 4.1 శాతం, అడ్డంగా 3 శాతం కుంచించుకుంటుంది. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి చూడండి. టేకులో ఒకటి రెండోదానికి రెట్టింపు పైనే. మొత్తం కుంచింపు ఎంతన్నదానికంటే ఈ నిష్పత్తే పలక చదునుగా ఉంటుందా, మెలి తిరుగుతుందా అన్నది తేలుస్తుంది. కొనేవాళ్లు చాలామంది ఈ రెండో అంకె చూడరు.

బరువు కూడా చూశాం. నిండు తలుపుగా లెక్కిస్తే మహాగని 54 కిలోల దగ్గర, టేకు 61 దగ్గర. చట్రంలో పలకలు సన్నవి కనుక నిజానికి ఇంకా తక్కువే. మూడు బందులు చాలు, నాలుగు పెట్టాం.

ఆరుదల గురించి అడితిలో చెప్పిన మాట "బాగా ఆరిన కర్రండీ, చూసుకోండి". తేమ మీటరు పెడితే 11 చూపించింది. సూదుల మీటరు పైపొరను చదువుతుంది. పలక కొన నుంచి 300 మి.మీ. లోపలికి వెళ్లి ఒక ముక్క కోయించి, తాజాగా తెగిన ముఖం మధ్యలో గుచ్చితే 16 వచ్చింది. అనుమానం తీరడానికి పాత పద్ధతి ఉంది. ముక్కను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేవరకు ఉంచి, మళ్లీ తూచాలి. మొదటి బరువు 84 గ్రాములు, చివరిది 72.4. తగ్గిన 11.6ను ఎండిన బరువుతో భాగిస్తే 16 శాతం. మీటరు అబద్ధం చెప్పలేదు, పైపొర సంగతే చెప్పింది.

పలకలను కోయడం వెంటనే మొదలుపెట్టకుండా, ఆవిడ ఇంట్లోనే నీడపట్టున అడ్డపుల్లలు పెట్టి దొంతర వేయించాను. కొనలకు మైనం పూత, మీద బరువు. బరువు పడిపోవడం ఆగేదాకా తలుపు మాట ఎత్తకూడదన్నది షరతు. గాలికి ఆరే కర్రకు అంగుళం మందానికి ఏడాది అని పాతకాలపు లెక్క. ఇది సగానికి పైగా ఆరిన 25 మి.మీ. సరుకు కాబట్టి అంత కాలం పట్టలేదు. ఓపిక ఉన్నవారే సొంతంగా తలుపు చేసుకోవాలని నేను అనేది ఈ దశ చూసే. చిత్రిక పట్టడం ఎవరైనా నేర్చుకుంటారు.

మందం పలకలు కాకుండా 25 మి.మీ.వి కొనిపించడానికి ఇంకో కారణం ఉంది. చిత్రిక పోగా 15 మి.మీ. మిగిలే మూడు పొరలను అతికించి 45 మి.మీ. నిలువు కర్ర కట్టాం. ఒకే దిమ్మ అయితే దాని లోపలి బిగువు ఎటు లాగితే అటు పోతుంది. మూడు పొరల్లో నడిమిదాన్ని తిరగేసి పెడితే ఒకదాని లాగుడును ఇంకొకటి అడ్డుకుంటుంది. ఇంటి పనివారికి ఇందులో పెద్ద లాభం ఒకటుంది. అడ్డపట్టీ నడిమి పొరను పొడవుగా వదిలితే అదే నాలుక, అంటే నిలువు కర్రలోకి దూరి అతుకును నిలబెట్టే కొన. నిలువు కర్ర నడిమి పొరలో అంతే ఖాళీ వదిలి అతికిస్తే అదే దానికి గాడి. లోతుగా తొలిచే పనే లేదు. మందంలో మూడో వంతు నాలుక అన్న వడ్రంగి లెక్క కూడా దానంతట అదే కుదురుతుంది. జిగురు మాత్రం తడికి నిలిచే డి4 తరగతిది. మామూలు తెల్ల జిగురు పెడితే ఎంపికకు పడ్డ శ్రమంతా వృథా.

నిటారు వలయాల మహాగనిలో నార అటు ఒక వరస, ఇటు ఒక వరస పెనవేసుకుని ఉంటుంది. చిత్రిక ఒక వరసను నున్నగా తీస్తూ పక్క వరసను పీకేస్తుంది. ఆవిడ మొదట విసుగెత్తిపోయారు. పదును పెంచి, తీసే పొరను పలచన చేసి, చివర్లో ఉక్కు రేకుతో గీకితే లొంగింది.

మధ్య పలకలకు గాడిలో రెండు పక్కలా 3 మి.మీ. ఖాళీ వదిలాం, జిగురు లేదు. బిగించే ముందే వాటికి పూత పూర్తి చేయించాను. లేకపోతే ఎండాకాలం పలక కుంచించుకున్నప్పుడు అంచున పూత లేని గీత బయటపడుతుంది. కింది గాడిలో నీరు నిలవకుండా బయటివైపు వాలుగా సన్నని రంధ్రాలు. తలుపు అడుగున వాననీటిని గడపకు అవతల పడేసే పట్టీ ఒకటి, అది టేకు చేవతో చేసింది. ఆ 80 మి.మీ. చేవకు తగిన పని అదే. జిగురు పెట్టలేదు, స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించాం. చెడితే విప్పి మార్చుకోవచ్చు.

వార్నిష్ మీద కాస్త వాదన జరిగింది. పారదర్శకమైన పొర గుండా ఎండలోని అతినీలలోహిత కిరణాలు దూరి, కర్ర పైపొరలో నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని చెడగొడతాయి. పూత పట్టుకుని ఉన్నది ఆ పైపొరనే. అది పొడి అయిపోతే పూత రేకులుగా లేస్తుంది, లేచిన చోట నీరు దూరి బయటికి రాలేక నల్లబడుతుంది. ఆపైన మొత్తం గీకడం తప్ప దారి లేదు. పూర్తిగా రక్షించేది పెయింటు. ఆవిడ ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా రంగు కణాలున్న, కర్రలోకి ఇంకే నూనె పూత తీసుకున్నాం. ఇది రేకులు లేవదు, వెలిసినప్పుడు తుడిచి మళ్లీ పూయవచ్చు. రంగు మరీ ముదురు వద్దన్నాను, పడమటి ఎండలో ముదురు తలుపు బయటి ముఖం కాలిపోతుంది, రెండు ముఖాల మధ్య తేడా పెరుగుతుంది. లోపల, బయట ఒకే సంఖ్యలో పూతలు. పై అంచు, అడుగు అంచు, తాళం కోసం తొలిచిన గుంత లోపల కూడా. కొనల గుండా కర్ర నీటిని ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది కాబట్టి అడుగు అంచుకు ముందుగా పలచని ఎపాక్సీ తాగించాం.

ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక వెళ్లి కొలిచాను. వేసవిలో తాళం వైపు పై మూల 2 మి.మీ. బయటికి వంగిందని ఆవిడ రాసి పెట్టుకున్నారు. వానల్లో అది దాదాపు పూర్తిగా వెనక్కి వచ్చింది. రబ్బరు సీలు ఆ తేడాను మింగేసింది, గడియ తడబడలేదు. పక్క సందు వానాకాలంలో 3 నుంచి 2కి తగ్గింది. మధ్య పలకలు కదిలిన జాడ గాడి అంచున సన్నని దుమ్ము గీతగా కనిపిస్తోంది, పగులు లేదు.

బాగా లేనిది తలుపు కింది సగం రంగు. చూరు నీడ అందని ఆ మేర, నూనె పూత పై సగం కంటే ముందే వెలిసింది. అక్కడ మాత్రం వేసవి మొదలుకాకముందే మరో పూత వేయమన్నాను. చూరును ఇంకో 600 మి.మీ. ముందుకు తెస్తే పూతల మధ్య వ్యవధి పెరుగుతుందని కూడా చెప్పాను. దానికి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. తలుపును ఏడాదికోసారి బందుల నుంచి దించి అడుగు అంచు చూడటానికి మాత్రం ఒప్పుకున్నారు.